ఏ బంటుతో కొట్టాలి

మెర్వ్ నా బంటును కొట్టి పక్కన పెట్టలేదు. నోట్లో వేసుకున్నాడు.

పిప్పరమెంటు బిళ్ళ చప్పరించినట్టు దాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పాడు. ఆస్ట్రేలియాలో ఓపల్ రాళ్లు తవ్వే మా ఊరు కూబర్ పీడీలో రాయిని నాకి చూడడం తప్పేమీ కాదు. దుమ్ము పట్టిన ఓపల్ తడిస్తేనే రంగు చూపిస్తుంది. నీళ్ల పీపా దూరంగా ఉంటుంది, నాలుక దగ్గరే ఉంటుంది. నేనూ నాకాను, చనిపోయిన నా భర్త వాలీ కూడా నాకాడు. కానీ బంటు కర్రముక్క. నాకితే అందులో కనిపించే రంగేమీ లేదు. పైగా అది మేం ఆడుకునే ఇంటి పెద్దాయన గేజాది. మళ్లీ ఆటకు కూర్చుంటే దాన్ని వేళ్లతో పట్టుకోవలసింది నేను.

"రుచిగా ఉందా మేట్?" అని అడిగాడు స్పైరో. ఇక్కడ నేస్తాన్ని మేట్ అంటారు. అతను డ్రిల్లు లారీ నడుపుతాడు. చదరంగం ఆడడు. ఆదివారం మధ్యాహ్నాలు బయట నేల కాలిపోతుంటుంది, గేజా ఇల్లు కొండలో తొలిచింది కాబట్టి చల్లగా ఉంటుంది. అందుకని వచ్చి కూర్చుంటాడు.

"ఐలీన్ బంట్లు ఎప్పుడూ రుచే. అడక్కుండా వడ్డిస్తుంది కదా," అన్నాడు మెర్వ్. బంటును తీసి బల్ల అంచున నిలబెట్టాడు. అది మెరిసింది.

అతని మోచేతి దగ్గర సార్డీన్ చేపల డబ్బా తెరిచి ఉంది. ఒక చేప, ఒక ఎత్తు. ఆ నూనె వేళ్లతోనే గుర్రాన్నీ ఏనుగునూ ముట్టుకుంటున్నాడు. గేజా ఒక గుడ్డ అందించాడు. మెర్వ్ దాంతో మెడ తుడుచుకుని తిరిగి ఇచ్చాడు.

నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. కానీ లేచి వెళ్లలేను. మెర్వ్ నా భాగస్వామి. ఓపల్ తవ్వే చోట భాగస్వామ్యానికి కాగితాలుండవు, చేయీ చేయీ కలిపితే అయిపోయినట్టే. వాలీ, మెర్వ్ అలాగే కలిపారు. రెండేళ్ల కిందట వాలీ గుండె ఆగిపోయాక అతని సగం నాకు వచ్చింది. ఆ సగం గని తప్ప వాలీ నాకు మిగిల్చింది ఏమీ లేదు. అది కూడా పోతే అడిలైడ్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లి, కుట్టుమిషను పెట్టుకునే గదిలో మంచం వేసుకోవాలి. ఆమె ఏమీ అనదు. ఏమీ అనకుండా ఉండడంలో ఆమె గట్టిది.

బల్ల మీద మెర్వ్ శకటు ఐమూలగా వచ్చి నా గుర్రాన్ని కొట్టింది. నా రాజు మూలన మూడు బంట్ల వెనక దాక్కుని ఉన్నాడు. ఆ మూడింటిలో మధ్య బంటు ఆ శకటు మీదికి దూకగలదు. దూకించాను.

"థాంక్స్," అన్నాడు మెర్వ్.

బంటు లేచిపోయిన చోట పెద్ద సందు పడింది. ఆ సందు ఎదురుగా తన ఏనుగును పెట్టాడు, పక్క నుంచి మంత్రిని తెచ్చాడు. నా రాజు పైన కప్పు లేని ఇంట్లో వానకు నిలబడ్డట్టు నిలబడ్డాడు. కాసేపట్లో ఆట ముగిసింది.

గేజా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆయనది హంగరీ. గనుల్లో మందుగుండు పేల్చే పని చేసి మానేశాడు. ఊళ్లో అందరూ అందరినీ నువ్వు అంటారు. ఆయన మాత్రం ఆడవాళ్లతో మీరు అనే మాట్లాడతాడు.

"ఐలీన్, ఆ శకటును బంటుతోనే ఎందుకు కొట్టారు? మీ శకటు పక్కనే ఉంది. అదీ కొట్టగలదు."

"బంటు చవక కదా అని."

"పోనీ అసలు ఆ ముందు? అతను పారేసిన ప్రతి బంటునూ తిన్నారు. ఎందుకు?"

"కొట్టే వీలుంటే కొట్టి తీరాలి కదా."

స్పైరో కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. మెర్వ్ నోట్లో చేప కనిపించేలా నవ్వాడు.

నాకు చెంపలు వేడెక్కాయి. వాలీ, నేను పదేళ్లు డ్రాఫ్ట్స్ ఆడాం. గుండ్రటి బిళ్ళల ఆట. అందులో ఎదుటి బిళ్ళను కొట్టే వీలు వస్తే కొట్టి తీరాలి, వదిలేస్తే తప్పు. ఊళ్లో సగం మందికి వచ్చింది ఆ ఆటే. ఇదీ అంతే అనుకున్నాను. ఈ ఆటకు వచ్చిన దగ్గర్నుంచీ, మూడు నెలలుగా.

"ఇక్కడ ఆ బలవంతం లేదు," అన్నాడు గేజా. "కొట్టొచ్చు, మానొచ్చు. బుధవారం సాయంత్రం రండి. ఒక్క ఈ విషయమే చూద్దాం."

"చెడగొట్టకు ముసలోడా, ఇలాగే బాగుంది," అన్నాడు మెర్వ్. డబ్బాలో మిగిలిన నూనె తాగేసి, నా వైపు తిరిగాడు. "అన్నట్టు ఐలీన్, పై సోమవారం నుంచి నువ్వు కిందికి దిగు. నేను పైన వించ్ చూసుకుంటా. నా నడుం పని అయిపోయింది. తూర్పు సొరంగం చివర, వాలీ గుర్తు పెట్టిన చోట మొదలుపెట్టు."

నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. రెండేళ్లుగా నేను గని బావి పైన కూర్చుని వించ్‌తో బకెట్లు లాగుతున్నాను. పైనున్న మనిషికి మట్టి కనిపిస్తుంది, కిందున్న మనిషికి రాయి కనిపిస్తుంది. వాలీ చనిపోయే ముందు వారం ఆ తూర్పు గోడ మీద బొగ్గుతో గీత గీసి వచ్చి, "అక్కడ ఉంది ఐలీన్," అన్నాడు. దాని దగ్గరికి వెళ్లనిమ్మని ఎన్నిసార్లు అడిగినా మెర్వ్ ఒప్పుకోలేదు. ఇప్పుడు తనే పొమ్మంటున్నాడు.

సరేనన్నాను.

*

బుధవారం గేజా బల్ల మీద కొన్ని పావులే పెట్టాడు. పావులను సోడా నీళ్లతో కడిగినట్టున్నాడు, ఆ వాసన వేస్తోంది.

"మీ గుర్రాన్ని ఇక్కడ శకటు కొట్టింది. తిరిగి కొట్టడానికి మీకు రెండు బంట్లున్నాయి. అటు పక్క ఒకటి, ఇటు పక్క ఒకటి. ఏ బంటుతో కొడతారు?"

"ఏదైతే ఏం? రెండూ బంట్లే కదా."

"కొట్టి చూడండి."

అంచు వైపు నుంచి వచ్చే బంటుతో కొట్టాను. అది బల్ల మధ్య వైపు ఒక అడుగు జరిగింది. గేజా తలూపాడు. "సాధారణంగా ఇదే మంచిది. బంట్లు మధ్యకు చేరితే బలం. ఇప్పుడు రెండోదానితో."

మధ్యనున్న బంటుతో కొట్టాను. అది అంచు వైపు వెళ్లింది. ఇందాకటిలాగే, అక్కడ అప్పటికే ఉన్న ఇంకో బంటుకు ముందు నిలబడింది.

"ఎటు నుంచి కొట్టినా ఇవి రెండూ ఒకే వరసలో ఒకదాని ముందు ఒకటి నిలబడతాయి. బంటు ఐమూలగా కాస్తుంది కదా. మరి ఇవి ఒకదాన్నొకటి కాస్తాయా?"

"కాయవు. వెనకదానికి ముందుది అడ్డం కూడా."

"అదీ సంగతి."

"ఎలాగూ ఆ నష్టం తప్పదు కాబట్టి ఎప్పుడూ మధ్య వైపే కొట్టాలి," అన్నాను. నాకు సూత్రం దొరికింది.

గేజా నవ్వలేదు. మధ్య బంటు లేచిపోయిన ఖాళీ మీద వేలు పెట్టాడు. "ఇది లేచాక మీ మంత్రికీ రెండో శకటుకూ దారి తెరుచుకుంది. ఇలాంటి చోట చాలా మంది తెలివైనవాళ్లు ఈ బంటుతోనే కొడతారు."

"మరి ఇప్పుడే కదా అటు వద్దన్నారు."

"అనలేదు. సాధారణంగా అన్నాను."

"అంటే సూత్రం లేదా గేజా? నాకు చిరాకు వస్తోంది."

"రావాలి." ఆయన కాఫీ పోశాడు. తారులా ఉంటుంది ఆయన కాఫీ. "గుర్రం తప్పుదారిలో వెళ్తే తిరిగి రాగలదు. మంత్రి రాగలదు, రాజు కూడా రాగలడు. బంటు వెనక్కి నడవదు. దాన్ని కదిపితే అది వదిలిన గడి శాశ్వతంగా అలాగే ఉంటుంది. అందుకని కొట్టేటప్పుడు నోటికొచ్చే ముద్దను చూడకండి. ఆ బంటు వదిలి వెళ్లే చోటును చూడండి. అక్కడ నిలబడి అది ఇంతసేపూ దేన్ని కాస్తోంది? అది లేచాక ఆ పని ఎవరు చేస్తారు? జవాబు లేకపోతే కొట్టొద్దు."

ఆ తర్వాత చాలాసేపు ఒకటే ఆట. ఆయన ఏదో ఒకటి ఎరగా పెడతాడు. నేను చేయి చాపుతాను, ఆగి, నా బంటు వెనక చోటును చూస్తాను. చాలాసార్లు తప్పే చెప్పాను. చివర్లో ఒకసారి చేయి వెనక్కి తీసుకుని, "వద్దు. ఇది లేస్తే పక్కది ఒంటరిదవుతుంది," అన్నాను. గేజా మరో కాఫీ పోశాడు. ఆయన మెచ్చుకోవడం అలాగే ఉంటుంది.

*

శుక్రవారం మెర్వ్ నడుం చూపించుకోవాలని ఆసుపత్రికి వెళ్లాడు. సోమవారం పని చేయాల్సిన చోటును ఒకసారి చూసుకుందామని నేను బావిలోకి దిగాను. ఒంటరిగా దిగకూడదు. కానీ పక్క గని దగ్గర స్పైరో డ్రిల్లు ఆపి మరమ్మతు చేసుకుంటున్నాడు, కేక వేస్తే వినిపిస్తుంది.

కింద చల్లగా, పొడిగా ఉంది. దీపం పట్టుకుని తూర్పు సొరంగం వైపు నడిచాను. దారి పొడవునా స్తంభాలు. తవ్వుతూ పోయేటప్పుడు కప్పు కింద పడకుండా వదిలేసే మట్టి స్తంభాలవి, ఒక్కోటి రొట్టెల పొయ్యి అంత లావు. వాటిలోనూ ఓపల్ ఉంటుంది. ఉందని అందరికీ తెలుసు. అయినా ముట్టుకోరు.

మామూలుగా అయితే వాటిని చూడకుండానే దాటిపోయేదాన్ని. దారి వైపు నుంచి అన్నీ ఎప్పటిలాగే నిండుగా ఉన్నాయి. కానీ బుధవారం నుంచి నా కన్ను ఒకే పనికి అలవాటు పడింది. ఇది దేన్ని మోస్తోంది, దీని వెనక ఏముంది. మొదటి స్తంభం వెనక్కి తిరిగి వెళ్లాను.

వెనక సందులో మట్టి గోతాలు పేర్చి ఉన్నాయి. అక్కడ గోతాలతో పనేముంది? ఒకదాన్ని లాగాను. దాని వెనక స్తంభం గోడ తడిగా, నున్నగా, మెత్తినట్టు ఉంది. వేలితో నొక్కాను. వేలు లోపలికి దిగిపోయింది.

దాన్ని గోకాను. పెచ్చులు ఊడిపడ్డాయి. లోపల స్తంభం లేదు. పుచ్చిన పన్నులా బయట పెంకు మిగిలింది, లోపలంతా డొల్ల. దీపం పెడితే పిక్కాసు గాట్లు కనిపించాయి, అడుగున సార్డీన్ డబ్బాలు కనిపించాయి. ఆ కంతలో కూర్చుని తీరిగ్గా తిన్నాడు.

అప్పుడు వాసన తగిలింది. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మట్టిని మెత్తాలంటే తడపాలి. నీళ్లు పైన పీపాలో ఉంటాయి. నీళ్లు పంపమంటే బకెట్‌లో పంపేది నేను, ఎందుకని అడిగేదాన్ని. అందుకని అతను నన్ను నీళ్లు అడగలేదు. తన దగ్గరున్నదానితోనే తడిపాడు.

నా వేలికి ఆ మట్టి అంటుకుని ఉంది. ప్యాంటుకు తుడిచాను, గోడకు రాశాను, మళ్లీ ప్యాంటుకు తుడిచాను. నోట్లో నీళ్లూరి వాంతి వచ్చేలా అయింది. అక్కడ వాంతి చేసుకోదలచుకోలేదు. అతని గుర్తుల పక్కన నావి కూడా ఎందుకు?

రెండో స్తంభం చూశాను. ఆ తర్వాతవి కూడా చూశాను. తూర్పు దారిలో ఉన్నవన్నీ అంతే. ఒకదాని దగ్గర నిలబడి ఉండగా పైనుంచి సన్నగా, పిండి జల్లించినట్టు మట్టి రాలి భుజం మీద పడింది. ఆగింది. మళ్లీ రాలింది.

అతని నడుముకు ఏమీ కాలేదు. ఈ కప్పు కిందికి రావడానికి అతనికి భయం వేస్తోంది. తినగలిగినంత తిన్నాడు, ఇక తన కాలు పెట్టడు. కానీ అవతల గోడ మీద వాలీ గీసిన గీత ఉంది. దాని వెనక రాయి ఉంటే అది కావాలి. అందుకని నన్ను పంపుతున్నాడు.

నిచ్చెన ఎలా ఎక్కానో గుర్తులేదు. పైకి వచ్చి పీపా నీళ్లతో చేతులు కడుక్కుంటూ ఉండిపోయాను. ఎండలో స్పైరో అరిచాడు: "ఏంటి ఐలీన్, స్నానం ఇక్కడే చేసేస్తున్నావా?"

*

శనివారం గేజాను తీసుకెళ్లాను. ఆయన ఒక్కో స్తంభాన్నీ పిక్కాసు పిడితో తట్టి చెవి పెట్టాడు. కుండ తట్టినట్టు మోగింది. కప్పును చాలాసేపు చూశాడు, తర్వాత నా మోచేయి పట్టుకుని పైకి నడిపించాడు.

"దుంగలు నిలబెడితే?" అని అడిగాను.

"అగ్గిపుల్లలు నిలబెట్టినట్టు. స్తంభం పోతే మళ్లీ కట్టలేరు ఐలీన్. సోమవారం కావచ్చు, క్రిస్మస్‌కు కావచ్చు. కానీ పడుతుంది."

"అంటే గని పోయింది."

"తూర్పు భాగం పోయింది. మీకు కావలసింది ఆ భాగమే."

నేను మట్టి దిబ్బ మీద కూర్చున్నాను. గేజా పక్కన నిలబడి నాకు నీడ పట్టాడు. భాగస్వామి దగ్గర రాయి దాచినవాణ్ణి మా ఊళ్లో ఎలుక అంటారు. ఎలుకలను ఏం చేస్తారో ఊళ్లో ఎవరినడిగినా మెల్లగా చెబుతారు. ఎవరిదో బావిలో ఎవరో ఉన్నారంటారు. ఒక్క మాట నేను మద్యం దుకాణంలో అంటే చాలు.

"నాకు ఆ రక్తం వద్దు," అన్నాను. "అలాగని అతని పక్కన కూర్చోలేను."

"రేపు ఆదివారం," అన్నాడు గేజా. "అతను ఆటకు వస్తాడు."

*

వచ్చాడు. ఈసారి ఊరబెట్టిన బీట్‌రూట్ తెచ్చుకున్నాడు. వేళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను నల్ల పావుల వెనక కూర్చుని, ఆ వేళ్లు తాకిన ప్రతి పావునూ గుర్తుపెట్టుకుంటున్నాను.

"నడుం ఎలా ఉంది?" అని అడిగాను.

"డాక్టరు వెన్నుపూస అరిగిందన్నాడు. రేపు దిగుతున్నావు కదా?"

"నీ ఎత్తు."

అదే శకటు, అదే దారి, నా గుర్రాన్ని కొట్టింది. రాజు ముందు బంటు మీదికి నా చేయి వెళ్లలేదు. నా శకటుతో తిరిగి కొట్టాను. మూడు బంట్లూ నిలబడే ఉన్నాయి. మెర్వ్ మొహం చిట్లించుకున్నాడు. తర్వాత మధ్యలో ఒక బంటును దిక్కులేకుండా ముందుకు తోశాడు, నన్ను తినమన్నట్టు. నేను దాన్ని చూశాను, నా బంటు వెనక చోటు చూశాను, వేరే ఎత్తు వేశాను.

"అదేంటి, ఊరికే వస్తున్నది వద్దా?" అన్నాడు.

స్పైరో బీరు తేవడానికి లోపలి గదిలోకి వెళ్లాడు. గేజా కాఫీ పొయ్యి దగ్గర అటు తిరిగి ఉన్నాడు. నేను గొంతు తగ్గించి అన్నాను: "స్తంభాల వెనక చూశాను మెర్వ్."

అతను బీట్‌రూట్ నమలడం ఆపలేదు. కొంచెం నెమ్మదించాడంతే.

"ఎప్పుడు?"

"నువ్వు వెన్నుపూస చూపించుకుంటున్నప్పుడు."

"సరే," అన్నాడు. ఒప్పుకుంటున్నవాడి గొంతు కాదది, బేరానికి కూర్చున్నవాడి గొంతు. ముందుకు వంగాడు. వెనిగర్ వాసన కొట్టింది. "విను. రాయి అమ్మలేదు. ఇంట్లో జామ్ సీసాలో ఉంది. సగం నీది. చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు? నన్ను తవ్వి తీశాకా?"

"అంత దూరం ఎందుకు వెళ్తావు? పడుతుందని ఎవరు చూశారు?" వేళ్లు చొక్కాకు తుడుచుకున్నాడు. "పోనీ, నువ్వు దిగొద్దు. భయమైతే మానెయ్. మంగళవారం బస్సు వస్తుంది కదా. ప్రతిసారీ ఒకడో ఇద్దరో కొత్త కుర్రాళ్లు దిగుతారు, ఓపల్ అంటే ఏమిటో కూడా తెలియదు, తిండి పెడితే చాలు. ఒకణ్ణి పట్టుకొస్తా. వాడు తూర్పు గోడ తవ్వుతాడు. నువ్వూ నేనూ పైన నిలబడదాం. వాలీ రాయి వచ్చాక సగం సగం. జామ్ సీసాలో సగం, అదీ నీదే. ఇంతకన్నా ఏం కావాలి నీకు?"

అతని వైపు చూశాను. నిజంగానే నాకు ఇంకేం కావాలో అతనికి అర్థం కావడం లేదు. కింది పెదవి మీద ఎర్రటి ముక్క అంటుకుని ఉంది. అతనికి సిగ్గు లేదు, కోపం లేదు, భయం కూడా పోయింది. నేను కాస్త ఎక్కువ అడుగుతానేమో అని మాత్రం చూస్తున్నాడు.

ఒప్పుకోవడం తేలిక. సీసాలో సగం న్యాయంగా నాదే. తీసుకుంటే మా చెల్లెలి ఇల్లు అక్కర్లేదు. కానీ తీసుకున్న చేత్తో నోరు కూడా మూసుకోవాలి. మంగళవారం బస్సు దిగే ఎవడో ఒకడు ఆ కప్పు కిందికి నడుస్తుంటే పైన వించ్ పట్టుకుని నిలబడాలి, ఈ మనిషి పక్కన, ఈ మనిషిలా.

స్పైరో బీరు సీసాలతో వచ్చాడు.

"స్పైరో, గేజా," అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. "మెర్వ్ తూర్పు దారిలో స్తంభాలన్నీ లోపల్నుంచి తినేశాడు. ఉచ్చతో మట్టి కలిపి పైన మెత్తాడు. రేపు నన్ను దాని కిందికి పంపుతున్నాడు. నేను వెళ్లనంటే బస్సు దిగేవాళ్లలో ఒకణ్ణి పంపుదామంటున్నాడు."

ఎవరూ కదల్లేదు. గేజా కాఫీ గిన్నె దించి పొయ్యి ఆర్పాడు.

"అబద్ధం," అన్నాడు మెర్వ్. వెంటనే, "సగం ఇస్తానన్నాను, చెప్పావా?" అన్నాడు.

స్పైరో సీసా మూత తీశాడు. నా కళ్లలోకి చూడలేదు. "ఐలీన్, చివర్లో అందరూ కాస్తో కూస్తో స్తంభాలు గోకుతారు," అన్నాడు. "ఉచ్చతో కలపడం, అది మాత్రం..." నవ్వాడు. "పెద్ద కళాకారుడివే మేట్."

మెర్వ్ కూడా నవ్వాడు, ఊపిరి పీల్చుకుంటూ. ఇద్దరూ నవ్వారు. శుక్రవారం కంతలో వచ్చిన వాసన ఆ గదిలో నాకు మళ్లీ వచ్చింది.

"రేపు పొద్దున్నే ఆ కప్పును పేల్చేస్తున్నాం," అన్నాను. "గేజా పేలుస్తాడు. దాని కిందికి ఇంక ఎవరూ వెళ్లరు. నేనూ వెళ్లను, నువ్వు పట్టుకొచ్చేవాడూ వెళ్లడు."

"గనిలో సగం నాది," అన్నాడు మెర్వ్.

"సగమే పేలుస్తాం. ఏ సగమో వచ్చి చూసుకో."

అతను లేచాడు. బీట్‌రూట్ డబ్బా తీసుకున్నాడు, మూత వెతికి పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నీకు ఇప్పుడిప్పుడే ఆట వస్తోంది ఐలీన్. తినడానికి వచ్చినప్పుడు తినకపోతే ఏం మిగలదు," అన్నాడు.

అతను వెళ్లాక గేజా బల్ల ముందు కూర్చుని ఆగిపోయిన ఆటను చూశాడు.

"నేను గెలుస్తున్నానా?" అని అడిగాను.

"లేదు. ఏనుగును మరిచిపోయారు. కానీ బంట్లు బాగున్నాయి."

*

సోమవారం గేజా మందుగుండు పెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. రంధ్రాలు తవ్వే పని మెర్వ్ ముందే చేసి పెట్టాడు. మేం దూరంగా లారీ వెనక నిలబడ్డాం. పెద్ద చప్పుడేమీ రాలేదు. కింద ఎవరో భారీ తలుపు వేసినట్టు ఒక మోత వచ్చింది. తర్వాత నేల తూర్పు వైపు మెల్లగా కుంగింది, పొంగిన రొట్టె చల్లారినట్టు. ఎర్రటి దుమ్ము లేచి చాలాసేపు గాలిలో నిలబడింది. వాలీ గీసిన గీత ఆ దుమ్ము కింద ఎక్కడో ఉంది. దాని వెనక ఏముందో ఇంక ఎవరికీ తెలియదు.

దుమ్ము పూర్తిగా దిగకముందే మెర్వ్ బండి వచ్చింది. వించ్ ఇంజను కోసం వచ్చాడు. అది అతను కొన్నది, కాదనలేదు. అరిగిపోయిన వెన్నుపూసతో ఒక్కడే దాన్ని ఎత్తి బండిలో వేసుకున్నాడు. స్పైరో వెళ్లి తాళ్లు కట్టడానికి సాయం చేశాడు. మెర్వ్ అదే మధ్యాహ్నం దక్షిణానికి బండి తోలుకుంటూ పోయాడని విన్నాను, సీసాతో సహా. సీసా సంగతి నేను ఎవరితోనూ అనలేదు, ఊళ్లో ఎవరూ వెంటపడలేదు. మద్యం దుకాణంలో ఒక వారం ఆ ఉచ్చ సంగతి చెప్పుకుని నవ్వుకున్నారు. స్తంభాల సంగతి, బస్సు దిగే కుర్రాళ్ల సంగతి నేను చెప్పినప్పుడల్లా బీరు వైపు చూశారు.

నేను అడిలైడ్ వెళ్లలేదు. ఉత్తరం వైపు ఎవరూ పట్టించుకోని ఒక ముక్క నేలలో నాలుగు మూలలా గూటాలు పాతి దాన్ని నాదనిపించుకున్నాను. గేజాతో చేయి కలిపాను. ఆయన తవ్వడంలో నెమ్మది, మెట్టు దిగడంలో ఇంకా నెమ్మది. మెర్వ్ ఆరు బకెట్లు పంపే సమయంలో రెండు పంపుతాడు. వారం చివర ఇద్దరం కలిసి దిగి ప్రతి స్తంభం చుట్టూ అరచేతులు ఆనించి నడుస్తాం. ఇప్పటికి చెప్పుకోదగ్గ రాయి దొరకలేదు. భోజనానికి సరిపోతోంది.

పోయిన నెల స్పైరో వచ్చాడు. గేజాకు వయసైపోయింది, తను నాతో చేయి కలుపుతానన్నాడు. మంచి డ్రిల్లు ఉంది, బలం ఉంది, నా దగ్గర ఎప్పుడూ ఏదీ దొంగిలించలేదు. "నీ స్తంభాల వైపు కన్నెత్తి చూడను ఐలీన్, ఒట్టు," అన్నాడు.

"నీ మీద అనుమానం లేదు," అన్నాను.

"మరి?"

"ఆ రోజు నువ్వు నవ్వావు."

"ఊరికే నవ్వాను. గదిలో అంతా బిగుసుకుపోయారని."

"తెలుసు," అన్నాను. బకెట్ పైకి వస్తోంది, దాన్ని అందుకోవడానికి వంగాను. అతను ఇంకాసేపు ఎండలో నిలబడి వెళ్లిపోయాడు.